చెన్నపట్నం ప్రయాణం ఎప్పుడు?

దీపావళి సెలవులు దగ్గరపడగానే మన బల్లార్‌పూర్ ఇళ్ళలో చెన్నపట్నం మాట మొదలవుతుంది. పిల్లలకు సముద్రం చూపించాలని ఎవరికుండదు! 1929లో కాజీపేట–బల్హార్షా మార్గం పూర్తయింది మొదలు, ఇక్కడ ఎక్కినవారు రైలు మారకుండా అక్కడ దిగవచ్చు. (రైల్వేవారికి మన స్టేషను బల్హార్షా, కొత్తగా వచ్చిన కోడళ్ళు టిక్కెట్టు చూచి తికమకపడతారు.)

అయితే ఆ సెలవులే ఆ ఊరికి అనుకూలం కావు. మన వానలు జూన్‌లో వచ్చి దసరాకు వెళ్ళిపోతాయి. చెన్నపట్నానికి అసలు వానకాలం అప్పుడే మొదలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనం, వెంట తుపానులు. 2015 డిసెంబరులో నగరంలో చాలా భాగం నీట మునిగింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు రైళ్ళు ఆగిపోయాయి. పసిపిల్లలతో, ముసలివారితో దారిలో చిక్కుకుంటే ఆ అవస్థ చెప్పనలవి కాదు. పోనీ మే నెలలో అంటారా, మనది పొడి ఎండ, అక్కడిది ఉక్క. జనవరి చివరనో ఫిబ్రవరిలోనో వెళ్ళడం మేలు. బడి నాలుగు రోజులు పోతే పోనివ్వండి.

మెరీనాలో పిల్లలను కాళ్ళు తడుపుకోనివ్వండి గాని స్నానానికి దింపకండి. అక్కడి అల లోపలికి లాగుతుంది, ఈత వచ్చినవారికీ ముప్పే.

ఒక పూట మైలాపూరుకు ఉంచుకోండి. ఆంధ్రరాష్ట్రం కోసం 58 రోజులు నిరాహారదీక్ష చేసి, పొట్టి శ్రీరాములుగారు 1952 డిసెంబరు 15న కన్నుమూసింది అక్కడే. స్మారక భవనం ఉంది. మరాఠీ బడిలో చదివే మన పిల్లలకు ఆ కథ మనం చెప్పకపోతే ఎవరు చెబుతారు?

టిక్కెట్లు 60 రోజుల ముందునుంచి ఇస్తారు. ఫిబ్రవరిలో వెళ్ళేవారు డిసెంబరులోనే ఆ పని చూచుకోవాలి.