బంతి రాకముందు జరిగే ఆట

పోయిన సంవత్సరం మా బ్రాంచ్ ఫుట్‌బాల్ టీమ్‌కి సెలెక్షన్స్ నేనే చేశాను. కెప్టెన్‌ని కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది, అంతే. ఇరవై ఆరు మంది వచ్చారు. చీకటి పడేలోపు పదిహేను మందిని తేల్చేయాలి. నేనేం చేశానంటే, ఒక్కొక్కరినీ పిలిచి బంతిని కాలిమీద ఎన్నిసార్లు ఎగరేయగలరో లెక్కపెట్టాను. తర్వాత గ్రౌండ్ ఈ చివరి నుంచి ఆ చివరికి పరిగెత్తించాను. ఆఖర్న గోల్‌పోస్ట్‌లోకి షాట్లు కొట్టించాను. ఎక్కువసార్లు ఎగరేసినవాడూ, వేగంగా ఉరికినవాడూ, గట్టిగా తన్నినవాడూ టీమ్‌లోకి వచ్చేశారు. నోట్‌బుక్‌లో మార్కులు కూడా వేశాను, అదేదో ల్యాబ్ ఎక్స్‌టర్నల్ అయినట్టు.

వాళ్లలో ఒక ఫస్టియర్ కుర్రాడున్నాడు. సన్నగా, కళ్లజోడుతో, కాస్త బెరుగ్గా. ఏడుసార్లు ఎగరేసేసరికి బంతి పడిపోయింది. పరుగులో చివరి నుంచి మూడోవాడు. "నెక్స్ట్ ఇయర్ చూద్దాంలేరా" అన్నాను. "సరే అన్నా" అని బ్యాగు తగిలించుకుని వెళ్లిపోయాడు.

ఇంటర్ బ్రాంచ్ సెమీస్‌లో సివిల్ వాళ్లు మమ్మల్ని 4-0తో ఉతికేశారు. మావాళ్లు బాగా పరిగెత్తారు, అందులో అనుమానం లేదు. కాకపోతే ఎటు పరిగెత్తాలో ఎవరికీ తెలియలేదు. రెండు వారాల తర్వాత ఒక ఆదివారం, హాస్టల్ వెనకాల ఖాళీ స్థలంలో అయిదుగురు అయిదుగురుగా ఆడుకుంటుంటే గట్టు మీద కూర్చుని చూస్తున్నా. ఆ కుర్రాడు ఉన్నాడు. నేను చూసిన అరగంటలో వాడి దగ్గర బంతిని ఒక్కడూ లాక్కోలేకపోయాడు. వాడు డ్రిబ్లింగ్ ఏమీ చేయట్లేదు. బంతి వచ్చేది, ఒకటో రెండో టచ్‌లు, వెంటనే వెళ్లిపోయేది, అదీ సరిగ్గా ఖాళీగా ఉన్నవాడి కాళ్ల దగ్గరికి. నాకు కడుపులో ఎక్కడో కలుక్కుమంది.

ఆ రోజు నుంచి ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చున్నాను. ఫుట్‌బాల్ ఆటగాడికి అన్నిటికంటే ముందు కావలసింది ఏమిటి?

మొదట ఒక చిన్న లెక్క చూడండి. మ్యాచ్ 90 నిమిషాలు. త్రోలు, ఫౌల్స్, గాయాలు తీసేస్తే బంతి నిజంగా ఆటలో ఉండేది గంటకి అటూ ఇటూగా. మైదానంలో 22 మంది. ఒక్కో ఆటగాడి కాళ్ల దగ్గర బంతి ఉండేది మొత్తం మీద రెండు మూడు నిమిషాలు, అంతకంటే పెద్దగా ఉండదు. మిగిలిన సమయమంతా బంతి లేకుండానే ఆడాలి. నేను సెలెక్షన్స్‌లో పరీక్షించింది ఆ రెండు మూడు నిమిషాలనే. అదైనా సరిగ్గా చేయలేదనుకోండి, ఎందుకంటే ఎదురుగా మనిషి లేకుండా బంతి ఎగరేయడం మ్యాచ్‌లో ఎక్కడా అవసరం రాదు.

బంతి లేని ఆ సమయంలో మంచి ఆటగాడు ఏం చేస్తుంటాడు? మెడ తిప్పుతుంటాడు. నవ్వకండి. బార్సిలోనాలో ఆడిన చావీ పాత మ్యాచ్ ఏదైనా పెట్టుకుని, బంతిని కాకుండా అతన్నే చూడండి. బంతి తన దగ్గరికి రాకముందే ఎడమ భుజం మీదుగా ఒకసారి, కుడి భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూస్తాడు. మళ్లీ చూస్తాడు. చెల్సీ ఫ్రాంక్ లాంపార్డ్ కూడా అంతే. నార్వేకి చెందిన గెయిర్ యోర్డెట్ అనే పరిశోధకుడు ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ మిడ్‌ఫీల్డర్ల వీడియోలు తీసుకుని, బంతి అందుకునే ముందు ఎవరు ఎన్నిసార్లు చుట్టూ చూస్తున్నారో లెక్కపెట్టాడు. ఎక్కువగా చూసేవాళ్ల పాస్‌లే ఎక్కువగా చేరవలసిన చోటికి చేరుతున్నాయని తేలింది. దీన్నే స్కానింగ్ అంటారు. రోడ్డు మీద బండి నడిపేవాడు అద్దంలో చూసుకోవడం లాంటిదే. లేన్ మారాక చూస్తే ఏం లాభం?

మెస్సి మ్యాచ్‌లో చాలాసేపు నడుస్తూ కనిపిస్తాడని మన హాస్టల్ టీవీ రూమ్‌లో తిట్టేవాళ్లున్నారు. ఆ నడకలో తల ఎటు తిరుగుతోందో గమనించండి. ఎదుటి డిఫెన్స్‌లో ఎవరెవరి మధ్య సందు ఉందో కొలుచుకుంటుంటాడు. అలసట దాచుకోవడం కూడా అందులో ఒక భాగమే.

చూడటం ఒకటైతే, చూసినదాన్ని వాడుకోవడానికి కావలసింది మొదటి టచ్. నా దృష్టిలో కాళ్ల పనితనం అంతా ఇందులోనే ఉంది. క్రికెట్‌లో క్యాచ్ పట్టేటప్పుడు చేతులు వెనక్కి తీసుకుంటాం కదా, ఎందుకు? బంతి ఆగే సమయం పెరిగితే చేతి మీద పడే బలం తగ్గుతుంది. ఇంపల్స్ అని ఇంటర్ ఫిజిక్స్‌లో చదివి, ఎంసెట్‌లో బిట్లు కొట్టి మర్చిపోయిన సంగతి. పాదంతోనూ అంతే. 410 నుంచి 450 గ్రాముల బంతి జోరుగా వస్తుంటే, పాదాన్ని బిగించి పెడితే గోడకి తగిలినట్టు మూడు మీటర్లు ఎగిరిపోతుంది. తాకే క్షణంలో పాదాన్ని కాస్త వెనక్కి వదిలితే అక్కడే చచ్చినట్టు ఆగుతుంది. కానీ ఆపడంతో పని అయిపోలేదు. తర్వాత ఎటు వెళ్లాలో అటే కొంచెం తోస్తూ ఆపాలి. అటు ఎవడూ లేడని ముందే తెలిసుండాలి, అంటే మళ్లీ మెడ దగ్గరికే వచ్చాం. ఒళ్లు పక్కకి తిప్పి నిలబడి, బంతికి దూరంగా ఉన్న కాలితో అందుకుంటే సగం మైదానం ముందే కనబడుతుంది. ఆ ఫస్టియర్ కుర్రాడు చేస్తున్నది సరిగ్గా ఇదే. వాడికి ఎవరు నేర్పారో తెలియదు, నేను మాత్రం కాదు.

ఇదంతా యూరప్ నుంచి వచ్చిన కొత్త జ్ఞానం అనుకునేవాణ్ణి. కాదు. హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీమ్ అనే బడిపంతులు 1950ల్లోనే ఇది చెప్పాడు. మైదాన్ సినిమా చూసినవాళ్లకి ఆయన పేరు తెలిసే ఉంటుంది. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌కి కోచ్. ఆ టీమ్ 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన చేతుల్లోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. నాకు వీటన్నిటికంటే నచ్చింది ఆయన పెట్టిన చిన్న చిన్న పోటీలు. డ్రిబ్లింగ్ చేయకూడదనే షరతుతో ఒకటి. చేతకాని కాలితోనే ఆడాలనే షరతుతో ఇంకోటి. డ్రిబ్లింగ్ తీసేస్తే ఆటగాడికి మిగిలేది ఏమిటి? చూడటం, ఆలోచించడం, వెంటనే వదలడం. మనకిష్టమైన కాలు కట్టేస్తే దొంగతనంగా దాచుకున్న లోపం బయటపడుతుంది. నేను ఇరవై ఆరు మందికి పెట్టిన పరీక్షకి ఇది పూర్తిగా తలకిందులు.

1962 జకార్తా ఆటల సంగతి చెప్పకుండా ఉండలేను. తొలి మ్యాచ్‌లోనే మనవాళ్లు దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడారు. తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీమ్ అతన్ని ఇంట్లో కూర్చోబెట్టలేదు, ఫార్వర్డ్‌గా దింపాడు. సెమీస్‌లో గోల్ కొట్టాడు, ఫైనల్‌లో మళ్లీ అదే కొరియా మీద ఇంకో గోల్ కొట్టాడు. పి.కె. బెనర్జీ గోల్‌తో కలిపి 2-1. ఆ జట్టులో మన సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం కూడా ఉన్నాడు. డిఫెండర్‌గా ఆడేవాడు ఫార్వర్డ్‌గా పనికొచ్చాడంటే ఆట మొత్తం వాడి తలలో ఉందన్నమాట. ఒక్క పొజిషన్ బట్టీ కొట్టినవాడి వల్ల అది కాదు. (తలకి కుట్లతో ఆడటం ఇవాళ ఎవరికీ సలహా ఇవ్వను. ధైర్యం వేరు, తలకి తగిలిన దెబ్బని పట్టించుకోకపోవడం వేరు.) మరుసటి ఏడాదే, 1963లో, రహీమ్ క్యాన్సర్‌తో పోయారు.

ఎత్తు, బలం గురించి ఎక్కువ చెప్పను. 2006లో ఇటలీకి ప్రపంచ కప్ అందించిన కెప్టెన్, అదే ఏడాది బాలన్ డోర్ గెలుచుకున్న కన్నవారో ఆరడుగులు కూడా లేని సెంటర్ బ్యాక్. వేగం ఉంటే మంచిదే, నేను కాదనను. ఎంబాపేని చూసి వేగం అక్కర్లేదనేవాడు ఎవడుంటాడు? కానీ వేగం లేనివాడు ఒక సెకను ముందు బయల్దేరితే లోటు కొంత పూడుతుంది. తల ఎత్తనివాడు ఎంత పరిగెత్తినా ఆలస్యంగానే వస్తాడు.

కోపం సంగతి ఒక్కటి మాత్రం. అదే 2006 ఫైనల్‌లో జిడాన్ ఎక్స్‌ట్రా టైమ్‌లో మటెరాజీ ఛాతీ మీద తలతో గుద్ది రెడ్ కార్డ్ తెచ్చుకున్నాడు. ఫ్రాన్స్ పెనాల్టీల్లో 5-3తో ఓడింది. అంతకుముందు అదే మ్యాచ్‌లో పెనాల్టీని తేలిగ్గా క్రాస్‌బార్‌కి తగిలించి లోపల వేసినవాడూ ఆయనే. మా సెమీస్‌లో మూడో గోల్ పడ్డాక మా స్ట్రైకర్ రిఫరీతో గొడవకి దిగాడు. వాడు నా నోట్‌బుక్‌లో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చినవాడు.

ఈ శనివారం మళ్లీ సెలెక్షన్స్. ఈసారి నోట్‌బుక్ తేవట్లేదు. అయిదుగురు అయిదుగురుగా చిన్న మ్యాచ్‌లు పెడుతున్నా. మొదటి పది నిమిషాలు రెండు టచ్‌లే, తర్వాత పది నిమిషాలు చేతకాని కాలే. నేను గట్టు మీద కూర్చుని బంతి వైపు కాకుండా, బంతి లేనివాళ్ల మెడల వైపు చూస్తాను. బంతి పోగొట్టుకున్న మరుక్షణం ఎవడు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోతాడో, ఎవడు వెనక్కి పరిగెత్తుతాడో కూడా.

ఆ కుర్రాడికి మొన్న మెస్ దగ్గర కనబడి విషయం చెప్పాను. పోయినసారి నేను చూసింది తప్పని కూడా చెప్పాను. ప్లేటు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. "చూస్తా అన్నా, శనివారం బ్యాడ్మింటన్ ప్రాక్టీస్ ఉంది" అన్నాడు.