కమాను కట్టలకు పట్టే తుప్పు: పరిశీలన, మరమ్మతు

కమాను కట్ట నిర్మాణాన్ని ఇంతకు ముందు చదివారు. దానికి తుప్పు పడితే ఏం చేయాలో, 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్ కారు వెనుక కమానుల ఆధారంగా ఇప్పుడు చూద్దాం.

బండి కదిలినప్పుడల్లా పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకొని రంగు పోతుంది. సందుల్లో తడిమట్టి నిలుస్తుంది. కాకినాడ, విశాఖపట్నం వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలి ఈ చర్యను వేగవంతం చేస్తుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక పట్టీల మధ్య ఎడం ఏర్పడుతుంది.

పైపై తుప్పును తీగ బ్రష్షుతో తీసి రంగు వేస్తే సరిపోతుంది. గుంటలు కనిపిస్తే మాత్రం సంగతి వేరు. ఒత్తిడి ఆ గుంటల దగ్గరే కేంద్రీకృతమై పగులు మొదలవుతుంది. చివర్లలో కన్నులుండే ప్రధాన పట్టీ విరిగితే ఇరుసు పక్కకు జరగవచ్చు. అప్పుడు స్టీరింగు చేతిలో ఉన్నా బండి అదుపులో ఉండదు.

విరిగిన పట్టీకి వెల్డింగు చేయించడం కొందరి అలవాటు. అలా చేయకూడదు. స్ప్రింగు ఉక్కుకు ఆ గుణం ఉష్ణోపచారం వల్ల వచ్చింది. వెల్డింగు వేడికి అది పోతుంది. పట్టీని మార్చవలసిందే. రెండు వైపులా ఒకేసారి మారిస్తే బండి ఒక పక్కకు ఒరగదు.

కొత్త కట్ట కొనే ముందే, అది బాడీకి బిగిసే చోట నల్లపూతను గీకి, స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడిచి చూడండి. పూత కింద రేకు కుళ్ళిపోయి ఉండవచ్చు. మొన లోపలికి దిగితే ఆ భాగాన్ని కోసి, అంతే మందం గల రేకు అతికించాలి. ఇక్కడ వెల్డింగు సరైన పద్ధతే. ఈ పని జాకీ ఒక్కదాని మీద నిలిపిన బండి కింద దూరి చేయకండి, స్టాండ్లు పెట్టండి.