ప్రోగ్రామరు చేతిలోని పచ్చకార్డు

కళ్యాణదుర్గము వంటి వేరుశనగ సీమలలో వర్తకుల కొట్లయందు రెడీ రెక్కనర్ అను చిన్న పుస్తకము ఉండెడిది. ఇన్ని కిలోలకు ధర ఎంతయని గుమాస్తా అందులో చూచి చెప్పెడివాడు. అతనికి లెక్క రాక కాదు. బండ్లవారు వాకిట నిలిచియుండగా గుణించుచు కూర్చుండుటకు తీరిక లేక. పెద్ద కంప్యూటర్లపై పనిచేయు ప్రోగ్రామర్లకును ఇట్టి చేతిపట్టిక ఒకటి ఏర్పడినది.

ఐ.బి.యం. సంస్థ 1964 ఏప్రిల్ 7న సిస్టమ్/360 అను యంత్రశ్రేణిని ప్రకటించినది. దాని వివరణ గ్రంథములు చాల పెద్దవి. వానిలో మాటిమాటికి అవసరమగు ఆదేశ సంకేతములను, అక్షరముల పట్టికను ఒక మడత అట్టపై అచ్చువేసిరి. రంగును బట్టి దానికి గ్రీన్ కార్డు అను పేరు వచ్చినది. 1970 నాటి సిస్టమ్/370కు వచ్చినది పసుపు రంగుది. మద్రాసు ఐ.ఐ.టి.లో 1973లో నెలకొల్పిన 370/155 ఈ శ్రేణిలోనిదే.

ఇంతకు దాని ఉపయోగమేమి? ప్రోగ్రాము నడుమ ఆగిపోయినపుడు యంత్రము తన జ్ఞాపకములోని విషయమంతయు పుటలకొలది అచ్చువేయును. అందు ముఖ్యముగ పదహారు గుర్తుల లెక్క యుండును: 0 నుండి 9 వరకు అంకెలు, పిదప ఎ నుండి ఎఫ్ వరకు అక్షరములు.

ఒక ఉదాహరణము చూతము. వేరుశనగ బస్తాల సంఖ్యకు మూడు గడులు కేటాయించితిమనుకొనుడు. 12 బస్తాలను గుమాస్తా మొదటి రెండు గడులలో వేసి, మూడవది ఖాళీగా విడిచెను. యంత్రములో అది ఎఫ్1 ఎఫ్2 40 అగును. కూడికకు ముందు ప్యాక్ అను ఆదేశము దీనిని 12 04గా కుదించును. ఇచట చివరి 4 కూడిక లేక తీసివేత గుర్తు ఉండవలసిన చోటు. ఆ చోట ఎ మొదలు ఎఫ్ వరకు గల గుర్తులే చెల్లును. కనుక కూడిక దగ్గర యంత్రము ఆగి, 7వ సంఖ్య దోషమని తెలుపును. విచిత్రమేమనగా, ఖాళీ గడి మొదట ఉన్నచో ఏ చిక్కును లేదు! 40 ఎఫ్1 ఎఫ్2 అనునది 01 2ఎఫ్ అయి, సక్రమముగ 12 అగును.

కార్డు ఎదుట ఉన్నవానికి 7 అనగా దత్తాంశ దోషమని, ఎఫ్ఎ అనగా కూడిక ఆదేశమని, 40 అనగా ఖాళీయని నిమిషములో తెలియును. గడిని ఖాళీగా విడిచిన వారెవరో మాత్రము కార్డు చెప్పదు. ఆ విచారణ మనిషిదే.

1990ల చివర, రెండు అంకెలలో వ్రాసిన సంవత్సరములు 2000లో చిక్కు తెచ్చునని పాత ప్రోగ్రాములను సవరింపవలసి వచ్చినది. హైదరాబాదు అమీర్‌పేటలోని శిక్షణ కేంద్రములలో అనేకులు కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ విద్యలు నేర్చిరి. తెరలు వచ్చినను కాగితము పోలేదు. దోషము తెరపై, పట్టిక బల్లపై ఉన్నచో రెంటిని ఒక్కసారిగ చూడవచ్చును. నేడు ఇట్టి సంగ్రహములు కంప్యూటరులోనే లభించుచున్నవి.

జ్ఞాపకముపై ఆధారపడుట ఎందుకు ప్రమాదమో ఉపాధ్యాయులు తరగతిలోనే చూపవచ్చును. ఇంగ్లీషు అక్షరములలో ఎ నుండి ఐ వరకు సి1–సి9. జె నుండి ఆర్ వరకు డి1–డి9. ఎస్ మాత్రము ఇ1తో కాక ఇ2తో ప్రారంభమై, జెడ్ ఇ9తో ముగియును. ఇక డి9 సి1 డి4 ఇ4 అనుదానిలో దాగిన పేరేదో విద్యార్థులు చెప్పవలెను.