మీకు తెలుసా? నీళ్లే ఇల్లు, నీళ్లే వల!

సాలీడు అనగానే ఏం గుర్తొస్తుంది? గోడ మూల, బూజు కర్ర! అంతేనా? మరి చెరువు అడుగున కాపురం పెట్టే సాలీడు ఒకటుందని మీకు తెలుసా? లోకంలో 50 వేలకు పైగా రకాల సాలీళ్లున్నాయి. వాటిలో దాదాపు బతుకంతా నీళ్ల లోపలే గడిపేది ఒకే ఒక్కటి! యూరప్‌లో, ఉత్తర ఆసియాలో ఉండే ఈ వింత జీవి పేరు ఆర్గైరోనెటా అక్వాటికా. మనం నీటి సాలీడు అనేద్దాం.

మరి ఊపిరి? కిటుకంతా అక్కడే ఉంది! దీనికి చేపలా మొప్పలు లేవు. మనలాగే గాలి కావాలి. అందుకే నీటి మొక్కల మధ్య పట్టుదారంతో చిన్న పందిరి అల్లుతుంది. తర్వాత పైకొస్తుంది. పొట్ట కొసను నీళ్లపైకి ఎత్తి, కాస్త గాలి పట్టుకుని, చటుక్కున మునుగుతుంది! ఒంటి మీది నూగు ఆ గాలిని జారనివ్వదు. నీళ్లలో చూస్తే పొట్ట వెండి పూత పూసినట్టు మెరుస్తుంది. తెచ్చిన గాలిని పందిరి కింద వదిలేస్తుంది. మళ్లీ పైకి, మళ్లీ కిందికి! చివరికి పందిరి ఉబ్బి గాలి గది తయారు! స్వీడన్ వాడైన కార్ల్ క్లర్క్ ఈ సాలీడు గురించి 1757లోనే పుస్తకంలో రాశాడు.

ఆగండి, అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. ఆ గాలి గదే మొప్పలా పనిచేస్తుంది! లోపల ఆక్సిజన్ తగ్గగానే చుట్టూ ఉన్న నీళ్లలోంచి ఆక్సిజన్ గదిలోకి వచ్చేస్తుంది. సాలీడు వదిలిన కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కరిగిపోతుంది. రోజర్ సేమూర్, స్టెఫాన్ హెట్జ్ అనే శాస్త్రవేత్తలు 2011లో దీన్ని కొలిచి చూపించారు. అంతకుముందు ఈ సాలీడు అరగంటకో, ఇంకాస్త సేపటికో పైకి రాక తప్పదనుకునేవారు. కదలకుండా కూర్చుంటే ఒక రోజుకు పైగా పైకి రాకుండా ఉండగలదట! ఎంత చిన్న ప్రాణి, ఎంత పెద్ద ఉపాయం! గదిలోని నైట్రోజన్ మెల్లమెల్లగా నీళ్లలోకి పోతుంది, గది కుంచించుకుపోతుంది. అందుకే అప్పుడప్పుడూ కొత్త గాలి మోసుకురావాలి.

తిండి కూడా ఆ గదిలోనే! ఎందుకో ఊహించండి. సాలీడు నమలలేదు. ఎర మీద జీర్ణరసం పోసి, కరిగించి, పీల్చుకుంటుంది. నీళ్లలో పోస్తే రసం కొట్టుకుపోదూ? అందుకే పురుగును పట్టగానే గదిలోకి లాక్కొస్తుంది. తల్లి గుడ్లు పెట్టేదీ గదిలోనే. ఒక్కసారికి 30 నుంచి 70 దాకా!

ఇంకో చిత్రం! సాలీళ్లలో మామూలుగా ఆడదే పెద్దది. ఇక్కడ తిరగబడింది. మగది దాదాపు 30 శాతం పెద్దది!

చేపలు పట్టే సాలీళ్లున్నాయంటే నమ్ముతారా? నమ్మండి! ఒడ్డున రాయినో మొక్కనో వెనక కాళ్లతో పట్టుకుని, ముందు కాళ్లు నీళ్ల మీద ఆనించి కూర్చుంటాయి. చేప దగ్గరికొస్తే ఒక్క దూకు! విషం ఎక్కించి, పొడి చోటికి ఈడ్చుకెళతాయి. ఇక్కడా అదే లెక్క, రసం కొట్టుకుపోకూడదు కదా! మార్టిన్ నైఫెలర్, బ్రాడ్లీ ప్యూసీ 2014లో ఇలాంటి వేటల వివరాలన్నీ పోగుచేశారు. పట్టుబడిన చేప సగటున సాలీడు కంటే 2.2 రెట్లు పొడవుందట!

ఇంతకీ వల లేకుండా ఎర వచ్చిందని ఎలా తెలుస్తుంది? నీళ్లే వల! పురుగు పడితే అల పుడుతుంది, అల కాలికి తగులుతుంది. అంతే! ఆస్ట్రేలియాలో ఇలా అలల్ని పసిగట్టే ఒక సాలీడుకు 2016లో భౌతిక శాస్త్రవేత్త బ్రయన్ గ్రీన్ పేరు పెట్టారు.

శత్రువు వస్తే? మధ్య అమెరికాలో ఒక పెద్ద సాలీడు వాగులోకి దిగి దాక్కుంటుంది. ఒంటి చుట్టూ పల్చని గాలి పొర! అలా దాదాపు 30 నిమిషాలు!

సముద్రానికి వెళదాం రండి. న్యూజిలాండ్ తీరంలో డెసిస్ మెరీనా అనే సాలీడు సముద్రపు నాచు మొదళ్లలోని బొరియల్లో ఉంటుంది. పోటు వచ్చి పైనంతా నీళ్లు కమ్మేసినా చలించదు. బొరియకు పట్టు తెర కట్టుకుని, లోపల మిగిలిన గాలితో గడిపేస్తుంది. ఎన్ని రోజులో తెలుసా? 19 రోజుల దాకా!

దాని చుట్టాలు మనకూ దగ్గరే. ఒక రకం సాలీడును లక్షద్వీప్‌లో గుర్తించి 1904లోనే పేరు పెట్టారు! ఆస్ట్రేలియా పగడాల మీద దొరికిన మరో చుట్టానికైతే గాయకుడు బాబ్ మార్లే పేరు పెట్టారు. ఆటుపోట్లను తలచుకునే పాట ఆయనదొకటి ఉంది మరి!

చచ్చి బతికిన సాలీళ్ల మాట విన్నారా? ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఉప్పు చిత్తడి నేలల సాలీళ్లను నీళ్లలో ముంచి ఉంచారు. ఒక రకం 36 గంటలకు గానీ కదలిక ఆపలేదు. పోయాయనుకుని ఆరబెట్టారు. కొన్ని గంటలకు కాళ్లు ఆడించాయి, లేచి నడిచాయి!

గాలికి పడవలా సాగే సాలీళ్లూ ఉన్నాయి. నీళ్ల మీద పడితే ముందు కాళ్లు పైకెత్తుతాయి. అదే తెరచాప! ఆగాలంటే దారం వదులుతాయి. అదే లంగరు! 2015లో ఇది బయటపెట్టడానికి 325 సాలీళ్లను పరీక్షించారు.

ఇప్పుడు మన వరి మడికి రండి. అక్కడ నీళ్ల మీద చకచకా పరుగెత్తే తోడేలు సాలీడును చాలామంది చూసే ఉంటారు. తల్లి వీపు మీద 60 నుంచి 80 పిల్లలు ఊరేగుతాయి! నాకు అన్నిటికంటే ఇష్టమైన దృశ్యం ఇదే.

అది వల అల్లదు. వరి దుబ్బుల మొదళ్లలో తిరుగుతూ రోజుకు 5 నుంచి 15 పురుగుల్ని తినేస్తుంది. అందులో సుడిదోమ కూడా ఉంటుంది! ఈసారి మడిలో దిగినప్పుడు దుబ్బు పక్కకు వంచి చూడండి. మందు కొట్టే ముందు దోమల్ని లెక్కపెట్టినట్టే సాలీళ్లనూ లెక్కపెట్టండి!