పికప్ బండి క్యాబిన్‌లో మోత తగ్గించుట

ఆదిలాబాదు మార్కెట్టుకు పత్తి, జగిత్యాలకు మామిడికాయ చేర్చే పికప్ బండ్ల సంగతి నేడు చెప్పుకుందాం. బండి దిగినాక చెవుల్లో గుయ్యిమంటుంటే అలసట అని కొట్టివేయరాదు. 85 డెసిబెల్సు మోతలో రోజూ 8 గంటలుంటే వినికిడికి ముప్పు. మరో 3 డెసిబెల్సు పెరిగిందా, 4 గంటలకే అంత ముప్పు. లోపలి చెవిలో చచ్చిన సన్నని కణాలు మళ్లీ మొలవవు.

ముందు సైలెన్సరు పగిలిందేమో చూడండి. తలుపుల రబ్బరు బీడింగు, వైర్లు లోపలికొచ్చే రంధ్రాలు సరిచేయించండి. చిన్న సందున్నా మోత దూరుతుంది. సగం బాధ ఇక్కడే తీరవచ్చు, ఖర్చూ తక్కువ.

తర్వాతిది రేకుల అదురు. ఇంజను అదిరితే పలుచని తలుపు, నేల, కప్పు డప్పులాగా మోగుతవి. మోగే డప్పుపై అరచేయి ఆనిస్తే ఏమవుతుంది? బ్యూటైల్ రబ్బరు షీటు చేసేదీ ఆ పనే. అదురు రబ్బరులో వేడిగా మారి అణగిపోతుంది. అందుచేత రేకంతా కప్పనక్కరలేదు. నడుమ మూడో వంతు చాలు. అమ్మేవాడు అంతా వేయమనే అంటాడనుకోండి! తారు షీటు చౌకే గాని, రామగుండం ఎండకు మెత్తబడి వాసన కొడుతుంది.

నూనె, దుమ్ము తుడిచి, ఆరినాక అంటించి రోలరుతో గట్టిగా నొక్కాలి. తలుపు అడుగున వాన నీరు పోయే రంధ్రాలు మూయరాదు, రేకు తుప్పు పడుతుంది. నేలమీద మందపాటి మ్యాటు వేస్తే బ్రేకు పెడలు పూర్తిగా దిగుతున్నదో లేదో బండి కదలకముందే తొక్కి చూడండి.