విశాఖ తీరాన రెక్కల రికార్డులు

ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు ఒడ్డుకు చేరే వేళ చేప ముక్కల కోసం గోల చేసే సముద్రపు కాకుల్ని మనం పెద్దగా పట్టించుకోం. వాటిలో గోధుమతల రకం పుట్టిల్లు లడఖ్, టిబెట్ వైపు ఎత్తయిన సరస్సులు. చలికాలానికి మన తీరానికి దిగొస్తాయి. ఆ సమయంలో తలమీది గోధుమ రంగు పోయి, కంటి వెనక నల్లమచ్చ మాత్రమే మిగులుతుంది. కొత్తవాళ్లు తికమకపడేది అక్కడే!

ఇలా వలస పోయే పక్షుల్లో ఎక్కడా ఆగకుండా అతి ఎక్కువ దూరం వలస ఎగిరిన రికార్డు మాత్రం గాడ్విట్ అనే ఒడ్డుపిట్టది. 2022 అక్టోబరులో ఒకటి అలాస్కాలో బయల్దేరి, తిండీ నీళ్లూ లేకుండా 11 రోజుల్లో 13,560 కిలోమీటర్లు ఎగిరి ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో వాలింది. దాని వయసు అప్పటికి సుమారు అయిదు నెలలే.

తెలిసినంతలో స్వేచ్ఛగా బతికే పక్షుల్లో వయసులో పెద్దది విజ్డమ్ అనే ఆల్బట్రాస్ సముద్రపక్షి. పసిఫిక్‌లోని మిడ్‌వే దీవిలో 1956లో పక్షి శాస్త్రవేత్త చాండ్లర్ రాబిన్స్ దాని కాలికి రింగు తొడిగాడు. 2002లో అక్కడికే వెళ్లి ఒక పక్షిని పట్టి, పాత రింగు మార్చి కొత్తది వేశాడు. తర్వాత రికార్డులు తిరగేస్తే అది తను 46 ఏళ్ల కిందట పట్టుకున్న పక్షే! అప్పటికి ఆయనకు ఎనభై దాటాయి. పక్షికి మాత్రం వయసు అడ్డు రాలేదు. 2024 చివర్లో, కనీసం 74 ఏళ్ల వయసులో, మళ్లీ గుడ్డు పెట్టింది. వీటన్నిటిలో నాకు బాగా నచ్చిన రికార్డు ఇదే.

మనుషుల్లో చిన్నవాళ్లూ తక్కువేం కాదు. బ్రిటన్ అమ్మాయి మాయా రోజ్ క్రెయిగ్ పదిహేడేళ్లకే ప్రపంచంలోని పక్షి జాతుల్లో సగం చూసేసింది. మన ఊరికీ ఓ ఘనత ఉంది. తూర్పు కనుమల్లో దొరికిన అబాట్స్ బాబ్లర్ ఉపజాతికి 1985లో పక్షి శాస్త్రవేత్తలు రిప్లీ, బీహ్లర్ పెట్టిన పేరు ‘కృష్ణరాజుయి’. విశాఖ పక్షి పరిశీలకుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు పేరే అది.

పక్షుల లెక్కింపుల్లో పాతది 1900లో అమెరికాలో మొదలైన క్రిస్మస్ లెక్క. తొలిసారి పాల్గొన్నది 27 మందే. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. ఫిబ్రవరిలో నాలుగు రోజుల పెరటి పక్షుల లెక్కలోనైతే పదిహేను నిమిషాలు చూసి రాసినా చాలు. మనవరాలు చూసి చెబితే తాతగారు రాసుకోవచ్చు.

ఈ చలికాలంలో తీరం వెంబడి పక్షులు చూసే బృందంతో కలిసి నడవండి. ఆటు సమయంలో ఇసుక బయటపడ్డప్పుడు భీమిలి దగ్గర గోస్తనీ సముద్రంలో కలిసే చోట వెతికితే ఉల్లంకి పిట్టలు కనిపించవచ్చు. తెల్లవారుజామునే బయల్దేరండి, మట్టిరంగు బట్టలు వేసుకోండి. పిట్టల్ని తరిమి ఫొటో తీయకండి, తిరుగు ప్రయాణానికి అవి ఒంట్లో కొవ్వు కూడబెట్టుకునేది ఆ ఇసుకలోనే. బైనాక్యులర్ లేదా? పక్కవారిని అడగండి, పక్షులు చూసేవాళ్లు కాదనరు.