అమ్మ బరువు... పిల్లల బెంగ

ఇంట్లో చిన్నపిల్లలు. ఒంట్లో వంద కిలోలు దాటిన బరువు. ఆపరేషన్ చేయించుకుందామంటే ‘జరగరానిది జరిగితే పిల్లలేమైపోతారు?’ అన్న భయం. వద్దనుకుంటే ‘ఇలాగే ఉంటే పిల్లల పెళ్లిళ్లు చూస్తానా?’ అన్న దిగులు. తల్లిదండ్రులకు అది నిజంగా కత్తి మీద సామే!

బడికెళ్లే వేళ. చిన్నోడు ‘ఎత్తుకోమ్మా’ అని చేతులు చాస్తాడు. వంగితే ఆయాసం, లేస్తే మోకాళ్లు కలుక్కు. ‘నాన్న ఎత్తుకుంటాడులే’ అని అమ్మ తప్పించుకుంటుంది. రాత్రయితే గురక. మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేవడం. మార్కాపురం పలకల వీధిలోనైనా, గిద్దలూరు స్టేషన్ రోడ్డులోనైనా ఇలాంటి ఇల్లు వెతికితే దొరక్కపోదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో 36 శాతానికి పైగా అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. దేశం మొత్తమ్మీద ఆ లెక్క 24 శాతమే.

ఈ ప్రాంతంలో ఇంకో చిక్కూ ఉంది. ఇక్కడి ఫ్లోరైడ్ నీళ్లకు కీళ్లనొప్పులు కొత్త కాదు. అందుకే మోకాళ్లు నొప్పి పుడితే ‘నీళ్ల మహిమ’ అని సరిపెట్టుకుంటారు. బరువు సంగతి మరుగున పడిపోతుంది. నొప్పి దేనివల్లో పరీక్షలు చేయించి తేల్చుకోవాలి. ఫ్లోరైడ్ వల్ల వచ్చిన నొప్పిని బరువు తగ్గించే ఆపరేషన్ మాన్పలేదు మరి!

కొవ్వు తీయడం కాదు

ఈ ఆపరేషన్ పేరెత్తగానే చాలామందికి నటి ఆర్తి అగర్వాల్ గుర్తొస్తారు. 2015 జూన్‌లో అమెరికాలో ఆమె చనిపోయినప్పుడు అంతకుముందు చేయించుకున్న లైపోసక్షన్ మీద పెద్ద చర్చే జరిగింది. లైపోసక్షన్ వేరు, బేరియాట్రిక్ సర్జరీ వేరు. మొదటిది చర్మం కింది కొవ్వును పీల్చేసే సౌందర్య చికిత్స. రెండోది జీర్ణాశయం మీద చేసే ఆపరేషన్.

ఇందులో రెండు పద్ధతులు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయాన్ని ముప్పావు వంతుకు పైగా కోసి తీసేస్తారు. అరటిపండు ఆకారంలో సన్నని గొట్టం మిగులుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ కూడా తగ్గుతుంది. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన చిన్న సంచి చేసి, నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. రెండూ చిన్న రంధ్రాలతో లాప్రోస్కోపీలో చేసేవే. స్లీవ్‌లో కోసి తీసేసిన భాగం మళ్లీ రాదు. ‘నచ్చకపోతే మార్చుకుందాం’ అనే వీల్లేదు.

ఎవరికి అవసరం?

లెక్క తేలికే. కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. 160 సెంటీమీటర్ల ఎత్తు, 105 కిలోల బరువున్న మహిళ బీఎంఐ 41. అంతర్జాతీయ వైద్య సంఘాలు 2022లో సవరించిన సూచనల ప్రకారం బీఎంఐ 35 దాటితే ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు. ఆసియా వాళ్లకు తక్కువ బరువుకే షుగరు, గుండెజబ్బులు వస్తాయి కాబట్టి 27.5 నుంచే పరిశీలించవచ్చన్నారు. అంతమాత్రాన అందరూ చేయించుకోవాలని కాదు. థైరాయిడ్ పరీక్ష, తిండి మార్పు, నడక, మందులు... ఇవన్నీ అయ్యాకే ఆ మాట.

ఇప్పుడు సూదిమందులూ వచ్చాయి. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలో విడుదలయ్యాయి. కోత ఉండదు కానీ, ఆపేస్తే బరువు మళ్లీ పెరిగే అవకాశం ఎక్కువ. ఏది నప్పుతుందో డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాల్సిందే.

భయమెంత? భరోసా ఎంత?

అమెరికాలో 2009లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో ఆపరేషనైన 30 రోజుల్లో చనిపోయినవాళ్లు వెయ్యికి ముగ్గురు. చిన్న అంకె కావచ్చు, కానీ సున్నా కాదు. రక్తస్రావం, కుట్ల దగ్గర లీకు, కాళ్లలో రక్తం గడ్డకట్టడం... ఇవీ ఉంటాయి.

తక్కెడ రెండోవైపు చూడండి. స్వీడన్‌లో 1987లో మొదలైన అధ్యయనం వేలమందిని ఏళ్ల తరబడి గమనించింది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, అంతే ఊబకాయం ఉండి చేయించుకోనివాళ్లకన్నా సగటున మూడేళ్లు ఎక్కువ బతికినట్టు 2020లో తేల్చారు. చాలామందికి షుగరు అదుపులోకి వస్తుంది. గురక తగ్గుతుంది. ఏడాది, రెండేళ్లలో ఒంటి బరువులో పాతిక నుంచి ముప్ఫై శాతం దాకా తగ్గుతుంది.

అమెరికాలో న్యూజెర్సీ గవర్నరుగా ఉన్న క్రిస్ క్రిస్టీ 2013లో ఇలాంటి ఆపరేషనే చేయించుకున్నారు. నలుగురు పిల్లల తండ్రి. రాజకీయాల కోసం కాదు, భార్యాపిల్లల కోసమే అని చెప్పారు.

ఇంట్లో లెక్కలు

అసలు చిక్కంతా ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాకే. నాలుగు నుంచి ఆరు వారాలు బరువులెత్తకూడదు. చంటిదాన్ని ఎత్తుకోవడం, నీళ్ల బిందె మోయడం, గ్యాసు సిలిండరు జరపడం అన్నీ బందే. అందుకని అమ్మమ్మో, జేజో వచ్చి ఉండగలరా అన్నది ముందే తేల్చుకోవాలి. పిల్లల పరీక్షలు, పత్తి తీతలు, మిరప కోతలు లేని రోజులు చూసుకోవాలి.

దూరమూ లెక్కలోకి వస్తుంది. మార్కాపురం నుంచి గుంటూరుకు దాదాపు 150 కిలోమీటర్లు. గిద్దలూరు ఇంకా దూరం. ఆపరేషన్ తర్వాత జ్వరం, గుండెదడ, విడవని కడుపునొప్పి వస్తే గంటలు కూడా విలువైనవే. మొదటి ఒకటి రెండు వారాలు ఆస్పత్రి ఉన్న ఊళ్లోనే బంధువుల ఇంట్లో ఉండగలిగితే మేలు.

తిండి సంగతి సరేసరి. మొదట పల్చని ద్రవాలు, తర్వాత మెత్తనివి, నెలా రెండు నెలలకు గానీ మామూలు భోజనం రాదు. అదీ నాలుగు ముద్దలే. ముందు పప్పు, గుడ్డు, పెరుగు. సంగటి ఆ తర్వాతే. తింటూ నీళ్లు తాగకూడదు. పిల్లలు వదిలేసిన అన్నం ‘పారేయడమెందుకు’ అని నోట్లో వేసుకునే అమ్మలకు ఇదే పెద్ద పరీక్ష! బి12, ఐరన్, కాల్షియం, డి విటమిన్ మాత్రలు జీవితాంతం వాడాలి. కొన్నాళ్లు జుట్టు రాలుతుంది. మళ్లీ బిడ్డను కనాలనుకుంటే ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగాలి. పాత అలవాట్లకు మళ్లితే బరువూ తిరిగొస్తుంది.

డబ్బు మాటకొస్తే... ఆరోగ్య బీమా నిబంధనల్లో బీఎంఐ 40, లేదా షుగరు, గుండెజబ్బు, తీవ్రమైన గురకలాంటి ఇబ్బందులతో 35 ఉండాలి. డాక్టర్లు సరేనన్నా బీమా కంపెనీ కాదనవచ్చు. ముందే రాతపూర్వకంగా అడగాలి. ప్రభుత్వ పథకం వర్తిస్తుందేమో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి. మళ్లీ చేరాల్సివస్తే ఖర్చెవరిదన్నదీ కనుక్కోవాలి.

పిల్లలకు ఏం చెప్పాలి?

దాచవద్దు. భయపెట్టనూ వద్దు. ‘అమ్మ పొట్టకు డాక్టరు బాగుచేస్తారు, కొన్నాళ్లు నిన్ను ఎత్తుకోదు, పక్కన కూర్చోబెట్టుకుంటుంది’ అంటే చాలు. ‘లావున్నందుకు’ అనే మాట వద్దు. అది వాళ్ల మనసులోనే నాటుకుంటుంది.

ఇంకో మంచి కబురు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వైద్యులు బైపాస్ చేయించుకున్న 35 మంది కుటుంబాలను ఏడాది గమనించి, 2011లో ఫలితాలు ప్రకటించారు. ఆపరేషన్ ఒకరికే జరిగినా, లావుగా ఉన్న ఇంట్లోని పెద్దలూ కొంత బరువు తగ్గారు. వంటింట్లో మార్పు వస్తే అది అందరి కంచాల్లోకీ వస్తుందన్నమాట.

చేయించుకున్నా, వద్దనుకున్నా అది ఆ తల్లి తీసుకోవాల్సిన నిర్ణయమే. పక్కింటివాళ్ల మాటకో, ప్రకటనకో, అద్దం చూసి పుట్టిన కోపానికో తీసుకునేది కాదు. ఇద్దరు డాక్టర్లను అడిగి, ఇంటాయనతో కూర్చుని, పిల్లల్ని ఎవరు చూస్తారో తేల్చుకుని తీసుకునేది. ‘ఎత్తుకోమ్మా’ అని చాచిన ఆ చిన్న చేతులకు సరైన జవాబు తొందరపాటులో దొరకదు, భయంలోనూ దొరకదు!